చేతులు వెనక్కి కట్టుకునే ఉద్యోగం

మా మామగారు నాకు పిల్లనివ్వడానికి ఒప్పుకున్నది నా మొహం చూసి కాదు. నా ఉద్యోగం పేరు నెట్‌లో కొట్టి చూశారు. డాక్టరు కాకుండా మత్తు పని చేసేవాళ్ళకి జీతం ఎంత అని అడిగితే ఇంటర్నెట్టు ఎప్పుడూ అమెరికా లెక్కే చెబుతుంది. అక్కడ ఆ పని చేసే నర్సుల జీతం చూస్తే మన జిల్లా కలెక్టరు కూడా ఒకపూట సెలవు పెట్టి ఆలోచనలో పడతాడు. మామగారు ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి మార్చుకుని, తమ చర్చి సంఘంలో పెద్దలకి చెప్పి సంబంధం ఖాయం చేశారు. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో అనస్తీషియా టెక్నీషియన్ని. మా మత్తు డాక్టరు సారు కారు డ్రైవరు జీతం నా జీతం కంటే కొంచెం మెరుగ్గా ఉండేది. ఆ సంగతి మామగారికి చెప్పాను కూడా. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

నా చదువు బి.ఎస్సీ. అనస్తీషియా టెక్నాలజీ. పుస్తకం ప్రకారం మా పని మత్తు డాక్టరుకి సాయం చేయడం. మిషను సరిచూడాలి, మందులు సిరంజిల్లోకి తీసి ఉంచాలి, అడిగినది అందించాలి. మా ఆసుపత్రిలో పుస్తకం ప్రకారం నడిచేది గోడ గడియారం ఒక్కటే. రెండు థియేటర్లకి ఒక మత్తు డాక్టరు. సారు ఈ గదిలో పేషెంటును నిద్రపుచ్చుతుంటే ఆ గదిలో పేషెంటును నేను నిద్రపుచ్చేవాణ్ణి. గొంతులో ట్యూబు వేసేవాణ్ణి, వెన్నులో సూది ఇచ్చేవాణ్ణి, లేపేవాణ్ణి కూడా. సారు తర్వాత తీరిగ్గా వచ్చి సంతకం పెట్టేవారు. అక్కడ మంచి టెక్నీషియన్ అంటే నోరు మెదపనివాడు. సారు చెయ్యి చాపకముందే వస్తువు ఆ చేతిలో ఉండాలి. సారు ఏదైనా మరిచిపోతే పైకి అనకూడదు, అది అవమానం. మెల్లగా సరిచేసి పక్కకి జరగాలి. సారు పొరపాటును సారుకే తెలియకుండా దిద్దేవాణ్ణి ‘బంగారం’ అనేవారు. నన్ను చాలాసార్లు అన్నారు. జీతం దగ్గర మాత్రం ఆ లోహం ప్రస్తావన వచ్చేది కాదు.

నాతో చదివిన మిత్రుడొకడు ఇంకో ఆసుపత్రిలో ఇంతే బంగారం. ఒక రోజు అతని గదిలో పేషెంటు లేవలేదు. సారు పక్క గదిలో ఉన్నారు. విచారణలో తేలిందేమిటంటే, టెక్నీషియన్‌కి అసలు ఆ పని చేసే అధికారమే లేదని. అది నిజమే. మాలో ఎవరికీ లేదు. అతను ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. కవర్ల మీద ఎవరూ విచారణ వేయరని అంటుంటాడు. ఆ నెలలోనే నేను జర్మన్ క్లాసులో చేరాను.

జర్మనీలో మా వృత్తికి పేరుంది, మూడేళ్ళ చదువుంది, థియేటర్ల నిండా ఆ చదువు చదివినవాళ్ళున్నారు. చట్టం మాత్రం లేదు. నేను వచ్చిన కొన్నాళ్ళకి చట్టం పాసైంది గానీ అమలు కావడానికి ఇంకా కాలముందన్నారు. నా డిగ్రీని గుర్తించమని అడిగితే ఆఫీసులో ఆవిడ చాలా మర్యాదగా, దేనితో సమానమని గుర్తించాలో అదింకా మా దగ్గర లేదు అంది. తక్కెడ ఉంది, నేనున్నాను, తూకంరాయి ఇంకా రాలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. మాగ్డెబర్గ్‌లో ఒక ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవకుడిగా చేరాను. ఆ ఏడాది తిరిగేలోగా అక్కడే మా వృత్తి ఔస్‌బిల్డుంగ్‌లో, అంటే జీతమిస్తూ నేర్పే మూడేళ్ళ చదువులో, సీటు సంపాదించాలి. ఆ కాంట్రాక్టు వస్తే వీసా ఉంటుంది, విజయవాడలో నర్సుగా ఉన్న మా ఆవిడ రావడానికి దారి ఉంటుంది. రాకపోతే తిరుగు విమానం, పాత థియేటర్, పక్క గదిలో సారు. ఏ రోజు నా గదిలో ఎవరు లేవరో చెప్పలేని బతుకు.

సేవ అంటే మంచాలు తోయడం. వార్డు నుంచి థియేటర్‌కి, థియేటర్ నుంచి వార్డుకి. థియేటర్ తలుపు దగ్గర మంచం అప్పగించి, లోపల మిషను చేసే చప్పుడు విని, అది ఏ మోడలో గుర్తుపట్టి, వెనక్కి తిరిగేవాణ్ణి. నెలనెలా ఇచ్చేదాన్ని జీతం అనరు, పాకెట్ మనీ అంటారు. ముప్ఫైకి దగ్గరపడ్డాక పాకెట్ మనీ పుచ్చుకోవడం వల్ల మనిషికి వయసు తగ్గిన భావన కలుగుతుంది.

చలికాలం చివర్లో ఇంటర్వ్యూకి పిలిచారు. కరోనా అప్పటికింకా టీవీలో వేరే దేశం వార్త. బల్లకి అటువైపు మత్తు విభాగం నర్సులకీ సహాయకులకీ ఇన్‌ఛార్జి అయిన ఒకావిడ, పక్కన ఒక సీనియర్ డాక్టరు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మాట్లాడేటప్పుడు రైలు వేళలు చదువుతున్నట్టు ఉంటుంది, అందులో కోపమూ ఉండదు, ప్రేమా ఉండదు. ఇంతకుముందు ఏం పని చేశారు అని అడిగింది. ఈ ప్రశ్న కోసమే నెలల తరబడి అద్దం ముందు జర్మన్ అభ్యాసం చేశాను. ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, వందల మందికి ట్యూబు వేశానని, వెన్నులో సూది కూడా స్వయంగా ఇచ్చానని చెప్పాను.

ఆవిడ కలం బల్ల మీద పెట్టింది.

“మీరు ఒక్కరేనా?”

“ఒక్కణ్ణే.”

“డాక్టరు?”

“పక్క గదిలో ఉండేవారు.”

“తలుపు తెరిచి ఉండేదా?”

నేను నిజాయితీగా గుర్తు చేసుకున్నాను. “ఏసీ ఉండేది కాబట్టి మూసే ఉండేదండి.”

సీనియర్ డాక్టరు నావైపు చూసిన చూపు ఎలా ఉందంటే, పెళ్ళి భోజనంలో పక్కన కూర్చున్నవాడు తాను చేసిన దొంగతనాలు వరసగా, సంతోషంగా చెప్పుకుపోతుంటే మనం ఎలా చూస్తామో అలా. నాకు ఇంకా అర్థం కాలేదు. సిజేరియన్ల సంగతి కూడా చెప్పాను.

“ఇక్కడ మత్తు ఇచ్చేది డాక్టరు ఒక్కరే,” అంది ఆవిడ. “మీరు ఇప్పుడు చెప్పింది ఇక్కడ చేస్తే నేను పోలీసులకి ఫోన్ చేయాల్సి వస్తుంది. మీకు పని రాదని కాదు నా భయం, వచ్చు కాబట్టే. మీరు చేతులు ఆపుకోగలరా? అది నేను చూడాలి.”

థియేటర్‌లో కొన్ని రోజులు ఊరికే నిలబడమన్నారు. దేనిమీదా చెయ్యి వేయకూడదు, అదే పరీక్ష. వచ్చే నెలలో టెర్మిన్ ఇచ్చారు, అంటే రావాల్సిన తేదీ.

నాతో ఇల్లు పంచుకునేది కరీంనగర్ తమ్ముడొకడు, యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్. విని ఎగిరి గంతేశాడు.

“ఏం జేయకుంట నిలబడుడేనా పరీక్ష? గది అల్కటి ముచ్చటనే అన్నా! మా ప్రాజెక్టు గ్రూపుల సగం మంది గదే జేస్తున్నరు.”

వచ్చే నెల వచ్చేసరికి టెర్మిన్ లేదు. ఊరే మూతపడింది. అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆపేశారు, థియేటర్లకి తాళాలు పడ్డాయి, ఊరికే నిలబడడానికి కూడా చోటు లేకుండా పోయింది. వీసా ఆఫీసు తలుపు మూసి ఈమెయిల్ పంపింది. మీ అర్జీ అందింది, తేలేదాకా మీరు దేశంలో చట్టప్రకారం ఉన్నట్టే భావిస్తాం, అని. ఆ పత్రాన్ని మనవాళ్ళు ‘ఫిక్షన్ సర్టిఫికెట్’ అంటారు. జర్మన్ పేరులోనూ ఆ మాటే ఉంది. నేను కొంతకాలం అధికారికంగా కల్పిత పాత్రని.

ప్రతి ఆదివారం మామగారు ఫోన్ చేసేవారు. అక్కడ కూడా చర్చి మూతపడి ఆరాధన జూమ్‌లోకి మారింది.

“వందనాలు అల్లుడుగారూ. మీ కాంట్రాక్టు కోసం సంఘమంతా ప్రార్థన చేస్తున్నామండి. నెట్‌లో మళ్ళీ చూశాను. మీ లైనులో వాళ్ళకి డాక్టర్లతో సమానంగా ఇస్తున్నారంట గదా?”

“అది అమెరికాలో మామయ్యగారూ.”

“మరి తమరున్నదో?”

“జర్మనీ.”

“ఎటైనా అదే విమానం గదండీ.”

ఆ రోజుల్లోనే తమ్ముడు నాకు శిక్షణ మొదలుపెట్టాడు. వంటింటి గోడకి ఆనించి నిలబెట్టాడు.

“నేను పప్పుకు పోపు పెడ్త. నువ్వు చేతులు ఎనుకకు కట్టుకో. ఏమైనా గానీ, గంటె ముట్టద్దు. గదే నీ థియేటర్ అనుకో.”

నూనె కాగింది. ఆవాలు వేశాడు, ఎండుమిర్చి వేశాడు, ఫోన్ తీశాడు. ఆవాలు చిటపటలాడి ఊరుకున్నాయి. మిర్చి ఎర్రబడి, ముదిరి, నల్లబడింది. పదేళ్ళుగా హాస్టళ్ళలోనూ గదుల్లోనూ వండుకున్న చేతులు నావి, అవి వీపు వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని మెలికలు తిరిగాయి. నేను కదల్లేదు. ఘాటు పొగ లేచింది. ఇద్దరం దగ్గడం మొదలుపెట్టాం. పైకప్పుకున్న పొగ అలారం మోగింది. కింద అంతస్తు ఆవిడ మెట్లెక్కి వచ్చి, రెండు మీటర్ల అవతల నిలబడి, మూసిన తలుపుకి చెప్పింది, అంత దగ్గు ఉంటే హెల్త్ ఆఫీసుకి ఫోన్ చేయాలని. మిరపకాయ అని జర్మన్‌లో అరిచాను. ఆవిడకి అది రోగం పేరులాగా వినిపించి ఉంటుంది, తొందరగా దిగిపోయింది.

“శెభాష్ అన్నా, పాసైనవ్!” అన్నాడు తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ. గిన్నెలోకి చూసి మొహం మాడ్చాడు. “గని, మాడుతాందని ఒక్క మాట చెప్పరాదే?”

“చెప్పొచ్చా?”

“చేతులు ముట్టద్దన్న గని నోరు మూసుకొమ్మన్ననా?”

ఇద్దరం నవ్వుకున్నాం. పప్పు పోపు లేకుండానే తిన్నాం.

ఎండాకాలంలో థియేటర్లు మళ్ళీ తెరిచారు, నన్ను పిలిచారు. మొదటి రెండు రోజులు నేను ఏమీ చేయలేదు. ఆ చేయకపోవడం చాలా బాగా చేశాను. యువ డాక్టరు ఒకతనికి నరం దొరక్క మూడో చోట గుచ్చుతుంటే కూడా నా చేతులు నా వీపు వెనకే ఉన్నాయి. ఇన్‌ఛార్జి ఆవిడ గోడ పక్క నుంచి నన్ను గమనిస్తూ ఉంది. మాస్కు, కళ్ళజోడు, టోపీ మధ్య కనబడే మొహం చాలా తక్కువ, అందులో ఆమోదం వెతుక్కున్నాను.

చివరి రోజు మోకాలి ఆపరేషన్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. గదిలోకి అడుగుపెట్టగానే చూశాను, సక్షన్ గొట్టం గోడకి తగిలించి లేదు. మనిషిని నిద్రపుచ్చేటప్పుడు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా లాగేసేది ఆ గొట్టమే. అది సిద్ధంగా లేకుండా మందు ఇవ్వకూడదు. ఈ సంగతి మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. హైదరాబాద్‌లో అయితే నడుస్తూ నడుస్తూనే మోచేత్తో తగిలించి పోయేవాణ్ణి, ఎవరూ చూసేవారు కాదు. ఇక్కడ నా కుడిచెయ్యి దానంతటదే బయల్దేరింది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకుని ఆపింది. ఇన్‌ఛార్జి ఆవిడ నావైపే చూస్తోంది. పరీక్ష ఇదే అనుకున్నాను, నిగ్రహించుకున్నాను. డాక్టరు సిరంజి ఎత్తాడు. నేను బట్టల షాపు బొమ్మలా నిలబడ్డాను.

“ఆగండి,” అంది ఆవిడ. వెళ్ళి గొట్టం తగిలించింది. డాక్టరు తల ఊపి మందు ఇచ్చాడు. పెద్దాయన నిద్రపోయాడు, మోకాలు బాగుపడింది, ఆ రోజు ఆ గదిలో నష్టపోయింది నేనొక్కణ్ణే.

బయట వరండాలో అడిగింది.

“గొట్టం చూశారా?”

“చూశానండి.”

“ఎప్పుడు?”

“గదిలోకి రాగానే.”

“దాన్ని తీసి ఉంచింది నేనే. డాక్టరుకి ముందే చెప్పాను. మీరు ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నాం.”

“మీరు చెయ్యి వేయొద్దన్నారు కదండీ.”

“చెయ్యి వేయొద్దన్నాను. నోటి గురించి నేనేమీ అనలేదు.”

మా దగ్గర డాక్టరు ఎదుట అలా పైకి అనడం అమర్యాద అని చెప్పబోయాను. నా జర్మన్‌లో అది ‘మా దగ్గర డాక్టరుకి చెప్పం’ అని వచ్చింది. రెండింటికీ తేడా అంత పెద్దదేమీ కాదని తర్వాత అనిపించింది.

“చూడండి,” అంది ఆవిడ, అదే రైలు వేళల గొంతుతో. “ఇక్కడ మా చేతులకి అధికారం తక్కువ. డాక్టరు చూడనిది చూసి, అందరికీ వినబడేలా చెప్పడం మా పని. ఆ సమయంలో చెప్పనివాడు గదిలో ఉన్నా లేనట్టే. అన్నీ తెలిసి ఊరుకునేవాడితో నాకు ఇంకా భయం.”

కాదన్న సంగతి ఈమెయిల్‌లో చాలా మర్యాదగా వచ్చింది. భవిష్యత్తులో నాకు అన్నీ మంచి జరగాలని కూడా కోరుకున్నారు. సేవా కాలాన్ని మాత్రం ఆరు నెలలు పొడిగించారు, మంచాలు తోసేవాళ్ళకి కొరతగా ఉందట. అంటే నా తిరుగు ప్రయాణం కూడా ఆరు నెలలు వెనక్కి జరిగింది.

ఆ ఆదివారం మామగారు, “ఏమైందండీ మన కాంట్రాక్టు?” అని అడిగితే, “ప్రార్థన ఆపకండి మామయ్యగారూ,” అన్నాను. ఆయన దాన్ని భక్తి అనుకున్నారు. మా ఆవిడ ఫోన్ లాక్కుని పక్క గదిలోకి వెళ్ళి, “పోయిందా?” అంది. “పోయింది,” అన్నాను. ఆమె నర్సు, చెడువార్త ఎలా పుచ్చుకోవాలో తెలిసిన మనిషి. “అన్నం తిన్నారా?” అంది.

చలికాలం వచ్చేసరికి ఆసుపత్రి మారిపోయింది. మొదటి విడత మమ్మల్ని పెద్దగా తాకలేదు, ఈసారి ఆ బాకీ కూడా తీర్చుకున్నట్టుంది. వార్డులు వరసగా కోవిడ్ వార్డులయ్యాయి. నేను తోసే మంచాలు రెండు రకాలుగా విడిపోయాయి, పైకి ఐసీయూకి వెళ్ళేవి, కింద నేలమాళిగలో మార్చురీకి వెళ్ళేవి. లిఫ్టు ఒకటే. పైకి తీసుకెళ్ళిన మనిషినే కిందికి తీసుకెళ్ళిన రోజులున్నాయి. పైకి వెళ్ళేటప్పుడు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మిమ్మల్ని రోజూ చూస్తున్నాను, మంచం భలే మెత్తగా నడుపుతారు అంది. కిందికి కూడా అంతే మెత్తగా నడిపాను.

ఐసీయూలో అటూ ఇటూ వెళ్తూ వెంటిలేటర్ల తెరల మీద అంకెలు చదివేవాణ్ణి. చదవకుండా ఉండడం చేతకాలేదు. ఏది ఎందుకు మోగుతోందో నాకు తెలుసు. దాన్ని తాకే హక్కు లేదు, తెలుసునని చెప్పుకునే హోదా కూడా లేదు. తిరిగి వెళ్తే తాకొచ్చు, చెప్పకుండా. ఈ రెండింటి మధ్య బతకడానికి ఎక్కడైనా ఒక దేశం ఉందా అని ఆలోచిస్తూ ఒక సాయంత్రం ఎల్బే నది వంతెన మీద ఆగాను. నాలుగింటికే చీకటి పడింది. కింద నీళ్ళు నల్లగా, తొందరేమీ లేనట్టు పోతున్నాయి. అక్కడ కొంచెం ఎక్కువసేపే నిలబడ్డట్టున్నాను, తమ్ముడు సైకిల్ మీద వెతుక్కుంటూ వచ్చాడు.

“అన్నా, ఫోన్ ఎందుకు లేపుతలేవ్? ఈడేం జేస్తున్నవ్?”

“ఏం లేదు. గాలికి.”

“గాలికా?” నా మొహంలోకి చూశాడు. సైకిల్ రెయిలింగుకి ఆనించి నాకూ రెయిలింగుకీ మధ్యలో వచ్చి నిలబడ్డాడు. “ఇంట్ల కిటికీ ఉన్నది గదనే. నడువ్, పప్పు వండిన. ఈసారి పోపు నువ్వే పెట్టు.”

నడిచాను. వాడు దారంతా నా చేతి సంచీ పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వాడు మాత్రం కొన్ని వారాలపాటు నన్ను ట్రామ్ దిగే చోట కలుసుకునేవాడు, అనుకోకుండా అటు వచ్చినట్టు.

పొడిగించిన ఆరు నెలలూ అయిపోవచ్చాయి. తిరుగు విమానాల ధరలు చూడడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే ఒక పగలు ఐసీయూలో మనుషులు చాల్లేదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని బోర్లా తిప్పాలి. అలా పడుకోబెడితే ఊపిరి కొంచెం బాగా అందుతుంది. కానీ గొంతులో ట్యూబు, మెడలో సెలైన్ లైన్లు, ఇన్నింటితో భారీ మనిషిని తిప్పడానికి మంచం చుట్టూ ఆరుగురు కావాలి. ఉన్నది ఐదుగురు. మంచం తోసుకొచ్చిన నన్ను, మీరు కాళ్ళు పట్టుకోండి, అన్నారు. గౌను, రెండు గ్లౌజులు, మొహానికి ప్లాస్టిక్ తెర వేసుకున్నాను. అందరం ఒకేలా ఉన్నాం. తల దగ్గర ట్యూబు పట్టుకుని ఉన్నది ఎవరో గొంతు విన్నాక తెలిసింది. థియేటర్ల నుంచి వాళ్ళని కూడా పైకి పంపించారన్నమాట. రైలు వేళలు లెక్కపెడుతున్న గొంతు. “ఒకటి...”

కాళ్ళ దగ్గర నిలబడ్డవాడికి మంచం పొడుగునా కనిపిస్తుంది. మెడలోంచి వచ్చే లైను ఒకటి మంచం కటకటాల్లో ఇరుక్కుని ఉంది. గుండెని నిలబెట్టే మందు వెళ్ళేది అందులోంచే. తిప్పితే మెడలోంచి ఊడి వస్తుంది.

“రెండు...”

నా చేతులు దానివైపు వెళ్ళిపోయేవే. కానీ రెండింటి నిండా ఆయన కాళ్ళున్నాయి, వదిలితే మనిషే జారతాడు. దీన్ని ధైర్యం అనుకోకండి, చేతులు ఖాళీ లేకపోవడం మాత్రమే.

“ఆగండీ!” అని అరిచాను.

తెలుగులో. మాగ్డెబర్గ్‌లో, ఐసీయూలో, పూర్తి కృష్ణా జిల్లా గొంతుతో. ఆరుగురం రాళ్ళలా ఆగిపోయాం, నాతో సహా. పక్క మంచం దగ్గరి నర్సు కూడా చేతిలో ఉన్నది పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆ తర్వాత నాకు జర్మన్ దొరికింది. “లైను. ఎడమవైపు. కింద.”

ఎవరో వంగి దాన్ని విడిపించారు. తల దగ్గరి గొంతు, “ఇంకేమైనా ఉందా?” అంది. ఆ ప్రశ్న నన్నే. అంతమందిలో నన్ను అలాంటి ప్రశ్న అడిగిన వాళ్ళు ఆ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ లేరు. “లేదండి,” అన్నాను. “సరే. మళ్ళీ మొదటి నుంచి. ఒకటి...”

గౌన్లు విప్పి పారేసే చోట నన్ను గుర్తుపట్టింది.

“అరిచింది మీరా?”

“నేనే. చేతులు ఖాళీ లేవండి.”

“అది ఏ భాష?”

“తెలుగు.”

“బాగానే వినబడింది,” అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ రోగి బతికాడని రాయాలని ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆయన్ని కిందికి తీసుకెళ్ళింది నేనే. లైను వల్ల మాత్రం పోలేదు. ఆ మాత్రం తేడా ఎవరికి లెక్క అని లిఫ్టులో అనుకున్నాను. జవాబు తట్టకముందే తలుపు తెరుచుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ నన్ను గదికి పిలిచింది. వసంతంలో మొదలయ్యే బ్యాచ్‌లో సీటుంది, చేరతారా అంది. కూర్చోమనకముందే కూర్చున్నాను.

“ఆ రోజు అరిచినందుకా?” అని అడిగాను.

“కాదు. ఎంపికైనవాళ్ళలో ఇద్దరు మానేశారు. కరోనా చూసి భయపడ్డారు.” కాగితాలు సర్దుకుంటూ, నావైపు చూడకుండా, “రెండు సీట్లకి వరసలో చాలామంది ఉన్నారనుకోండి,” అంది.

గోడ మీద జీతాల పట్టిక వేలాడుతోంది. ఎవరైనా చూడొచ్చు. చదువు పూర్తయిన మొదటి సంవత్సరం నుంచి రిటైరయ్యే రోజు దాకా నాకు ఎంత వస్తుందో అందులో ఉంది. హైదరాబాద్‌లో వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలిసేది కాదు, ఇక్కడ ముసలితనం దాకా తెలిసిపోయింది. అమెరికా అంకెల ముందు అది ఎంత మామూలుదంటే, దాన్ని చూసి మా మామగారు కళ్ళద్దాలు తుడుచుకోవాల్సిన అవసరం లేదు.

“దీని పైన ఏముంటుందండీ?” అని అడిగాను.

“కొన్నేళ్ళ తర్వాత కొత్తవాళ్ళకి నేర్పించొచ్చు.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఈ కుర్చీ. ఇందులో నేనున్నాను.”

చేరాను. పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య రెండో వరసలో కూర్చుని, సిరంజి పట్టుకోవడం ఎలాగో నేర్చుకోవడం మొదలుపెట్టాను. థియేటర్‌లో మొదటి వారం గడిచాక, ఇక కాంట్రాక్టు నిజమేనని నమ్మి, ఆ ఆదివారం మామగారికి ఫోన్ చేశాను.

“దేవునికి స్తోత్రం!” అన్నారు. “అయితే ఇక అక్కడ తమరే మత్తు ఇస్తారన్నమాట.”

“ఇవ్వను మామయ్యగారూ. డాక్టరుగారు ఇస్తుంటే చూస్తాను.”

“చూసి?”

“ఏదైనా తేడా కనబడితే అరుస్తాను.”

“అరిచినందుకు జీతమా అండీ?”

“అవునండి.”

“మీ అత్తగారు ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఆ పని ఊరికే చేస్తున్నారు.” గొంతు తగ్గించి అన్నారు గానీ తగ్గించినట్టు లేదు, వెనకాల నుంచి ఆవిడ జీతం లేని పని ఒకటి వినబడింది.

మా ఆవిడ ఫోన్ తీసుకుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఆ వసంతంలో అక్కడ కోవిడ్ వార్డు ఎలా ఉండేదో ఆమె చెప్పేది కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. మంచాలు చాలడం లేదు అని మాత్రం అంది. నేను ఇక్కడ తోసిన ఖాళీ మంచాలన్నీ గుర్తొచ్చాయి. ఆమె వీసాకి టెర్మిన్ ఇచ్చే ఆఫీసు మూసి ఉంది, ఎప్పుడు తెరుస్తారో వాళ్ళకే తెలియదు. కాంట్రాక్టు వచ్చింది గానీ అది తెరవాల్సిన తలుపు ఇంకా తెరుచుకోలేదు.

“నాన్నకి చెప్పిందంతా విన్నాను,” అంది. “నిజం చెప్పండి. చేతులు ఊరుకుంటున్నాయా?”

“లేదు. మొన్న ఒక కొత్త డాక్టరు ట్యూబు వేయడానికి తంటాలు పడుతుంటే రెండుసార్లు లేచాయి. సీనియర్‌ని పిలవమని నోటితో చెప్పాను.”

“మరి చేతులు?”

“వీపు వెనక ఒకదాంతో ఒకటి పట్టుకున్నాను.”

“మూడేళ్ళూ అంతేనా?”

“ఆ తర్వాత కూడా అంతే. ఉద్యోగమే అది.”

అక్కడ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఇక్కడ వంటింట్లో తమ్ముడు నూనె కాగిందని కేకేస్తున్నాడు.

“సరే,” అంది. “గట్టిగా పట్టుకోండి.”